సిస్టంలో 11, షెల్ఫ్‌లో 0

ఇది చాలా రోజులుగా రాద్దాం రాద్దాం అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన పోస్ట్. మొన్న ఒక ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాళ్ళ కంపెనీకి ఎవరో సూపర్‌మార్కెట్ క్లయింట్ వచ్చారంట, "మార్కెట్ షేర్ పోయింది, మళ్ళీ తెచ్చుకోవాలి అంటున్నారు, నువ్వు ఆ ఫీల్డ్‌లో చేశావు కదా, ఒక నాలుగు పాయింట్లు చెప్పు, పీపీటీలో పెట్టుకుంటా" అన్నాడు. నాలుగు పాయింట్లలో చెప్పడం నావల్ల కాలేదు. గంటన్నర వాయించా, చివరికి వాడే "సరేలేరా, నేనే ఏదో ఒకటి చూసుకుంటా" అని పెట్టేశాడు. ఆ గంటన్నర సరుకు ఇక్కడ దింపుతున్నా, తీరిగ్గా చదవండి.

ముందు ఒక షాంపూ కథ చెప్పాలి.

నేను కొన్నేళ్ళు ఒక సూపర్‌మార్కెట్ చైన్‌లో ప్లానింగ్ సైడ్ చేశా, పేరు అనవసరం. పనంటే ఏముంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్ షీట్లు, ఏ స్టోర్‌లో ఏ ఐటమ్ కదులుతోంది, ఏది కదలట్లేదు, కదలనివి ఎర్ర రంగు కొట్టి లిస్టులోంచి తీసేయమని రాయడం. ఒక స్టోర్‌లో ఒక షాంపూ, ఆకుపచ్చ బాటిల్, రెండు వారాలుగా సేల్ సున్నా. స్టాక్ 11 ఉంది. ఉండి కూడా అమ్ముడుపోవట్లేదు అంటే జనానికి అక్కర్లేదన్నమాట అనుకుని ఎర్ర రంగు కొట్టేశా. అదే వారం వేరే పని మీద ఆ స్టోర్‌కి వెళ్ళాల్సొచ్చింది, వెళ్ళినవాణ్ణి ఊరికే ఆ షాంపూ చూద్దామని ఆ వరసలోకి వెళ్ళా. ధర చీటీ ఉంది, దాని పైన ఖాళీ. పక్కన అదే కంపెనీ నీలం బాటిళ్ళు నిండుగా ఉన్నాయి.

అక్కడ సరుకు సర్దుతున్న పెద్దాయన్ని అడిగా, "అన్నా, ఇది ఎప్పట్నుంచి ఖాళీగా ఉంది?"

"రెండు వారాల పైనే అయింది సార్. సిస్టంలో 11 చూపిస్తోంది కదా, ఆర్డర్ పడదు."

"మరి ఆ 11 ఏవి?"

ఆయన నవ్వాడు. "ఎప్పుడో అమ్ముడుపోయాయి సార్. కస్టమర్ రెండు ఆకుపచ్చ, ఒక నీలం తెస్తాడు, కౌంటర్‌లో అమ్మాయి నీలం ఒక్కటే స్కాన్ చేసి 3 కొడుతుంది, రేటు ఒకటే కదా. సిస్టంకి నీలం మూడు పోయినట్టు, ఆకుపచ్చ అలాగే ఉన్నట్టు."

అంటే జనానికి బాగా నచ్చి ఎగరేసుకుపోయిన ఐటమ్‌ని నేను జనానికి అక్కర్లేదని తీసేయబోయా. ఇంకా అక్కడే నిలబడి ఉన్నా, ఒకావిడ సగం నిండిన ట్రాలీతో వచ్చింది, ఆ ఖాళీ చోటు ముందు రెండు మూడు సెకన్లు ఆగింది, నీలం బాటిల్ తీసి చూసి మళ్ళీ పెట్టేసింది, వెళ్ళిపోయింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. మా రిపోర్ట్‌లో ఆవిడ ఎలా కనబడుతుందో తెలుసా, మంచి బిల్లు చేసిన సంతృప్తి చెందిన కస్టమర్. ఆవిడ ఆ షాంపూ ఎదురు షాపులో కొనుక్కుని ఉంటుంది, కొంటున్నప్పుడు అక్కడ ఇంకేం చూసిందో, ఏది చవగ్గా అనిపించిందో మాకు ఏ జన్మకీ తెలీదు.

జరగని అమ్మకానికి బిల్లు ఉండదు. మార్కెట్ షేర్ గురించి నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్క దగ్గరే మొదలవుతుంది, మిగతాదంతా దానికి సాగదీతే.

మార్కెట్ షేర్ పోయింది అనగానే మీటింగుల్లో అందరూ కస్టమర్ కోపంగా తలుపు దభాల్న వేసి వెళ్ళిపోయినట్టు ఊహించుకుంటారు. అలా ఎవరూ వెళ్ళరు. వారానికి రెండుసార్లు వచ్చే మనిషి ఒకసారి వస్తుంది, ఆ ఒక్కసారి కూడా ట్రాలీ బదులు చేతిబుట్ట పట్టుకుంటుంది, సబ్బులూ డిటర్జెంట్లూ వేరే చోట కొనడం మొదలెడుతుంది, మీ లెక్కల్లో ఆవిడ ఇంకా యాక్టివ్ కస్టమరే. ఒకరోజు చూస్తే సేల్స్ పెద్దగా తగ్గలేదు కానీ మార్కెట్ మొత్తం పెరిగింది, మీరు పెరగలేదు. పోయిన షేర్ అంటే ఇలా జారిపోయిన చిన్న చిన్న ట్రిప్పులే, తెచ్చుకోవాలన్నా ఒక్కో ట్రిప్పూ తెచ్చుకోవాల్సిందే తప్ప ఒక పెద్ద యాడ్ వేసి గంపగుత్తగా లాక్కురావడం కుదరదు.

షెల్ఫ్ ఖాళీ సంగతి మీద 2002లో గ్రూయెన్, కార్‌స్టన్, భరద్వాజ్ అని ముగ్గురు ప్రొఫెసర్లు చాలా దేశాల లెక్కలు పోగేసి ఒక స్టడీ చేశారు. సగటున ఏ సమయంలో చూసినా 8.3 శాతం ఐటమ్స్ షెల్ఫ్ మీద లేవంట. లేనప్పుడు 31 శాతం మంది అదే వస్తువు కోసం వేరే షాపుకి పోతున్నారు. దానికన్నా నన్ను ఆపేసిన విషయం కారణాలు. సుమారు నాలుగింట మూడు వంతులు తప్పు సప్లయర్‌దీ కాదు, లారీదీ కాదు, స్టోర్‌దే. ఆర్డర్ తప్పు పెట్టడం, లెక్క తప్పు, లేకపోతే సరుకు వెనక గదిలో ఉండి షెల్ఫ్ మీదకి రాకపోవడం. అంటే పది అడుగుల దూరంలో ఉన్న వస్తువుని అక్కడికి చేర్చలేక కస్టమర్‌ని పక్క షాపుకి పంపిస్తున్నాం.

డేటా ఉంటే ఇదంతా తెలుస్తుంది కదా అంటారు. డేటా విషయంలో బ్రిటన్ సూపర్‌మార్కెట్ చైన్ టెస్కోని మించినవాళ్ళు ఆ రోజుల్లో లేరు. 1995 ఫిబ్రవరిలో క్లబ్‌కార్డ్ అని, కొన్నదానికి పాయింట్లిచ్చే లాయల్టీ కార్డు పెట్టారు, దానికి ముందు ట్రయల్ రిజల్ట్స్ చూసి అప్పటి చైర్మన్ ఇయాన్ మెక్‌లారిన్ ఆ ట్రయల్ నడిపినవాళ్ళతో, నా కస్టమర్ల గురించి 30 ఏళ్ళలో నాకు తెలిసినదాని కన్నా 3 నెలల్లో మీకు ఎక్కువ తెలిసిపోయింది, నాకు భయమేస్తోంది అన్నాడని చెప్తారు. అదే ఏడాది పోటీ చైన్ సెయిన్స్‌బరీస్‌ని దాటి బ్రిటన్‌లో నంబర్ వన్ అయ్యారు, 2007 నాటికి మార్కెట్ షేర్ 30 శాతం దాటించారు. మరి అన్నీ తెలిసినవాళ్ళు 2014కి వచ్చేసరికి ఎందుకు బోర్లా పడ్డారు? కార్డు చెప్పేది ఎవరు ఏం కొన్నారని. కొనకుండా వెళ్ళినదాని గురించి కార్డు నోరు విప్పదు.

టెస్కో కథ కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇందులో అన్ని తప్పులూ ఉన్నాయి, చాలా వరకు మందులు కూడా ఉన్నాయి. వాళ్ళ జబ్బు ముందు మార్జిన్. బ్రిటన్‌లో 5 శాతం పైన ఆపరేటింగ్ మార్జిన్, అంటే అమ్మకంలో ఖర్చులు పోగా మిగిలేది, సూపర్‌మార్కెట్‌కి అది చాలా ఎక్కువ, దాన్ని పట్టుకుని వేలాడారు. రేట్లు కొంచెం కొంచెం పెంచుతూ, స్టోర్‌లో మనుషుల్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆ నంబర్ కాపాడుకున్నారు. డబ్బేమో వేరే దేశాల్లో పోసుకున్నారు, అమెరికాలో 2007లో ఫ్రెష్ అండ్ ఈజీ అని మొదలెట్టి 2013లో వంద కోట్ల పౌండ్ల పైన నష్టంతో బయటపడ్డారు. ఈలోపు 1990లో వచ్చిన ఆల్డీ, 1994లో వచ్చిన లిడల్, ఎవరూ పట్టించుకోని ఆ రెండు జర్మన్ షాపులు కింద నుంచి నీళ్ళలా ఎక్కుతున్నాయి. పెద్దవాడు రేట్లు పైన పెట్టుకుని కూర్చుంటే చిన్నవాడికి దాని కింద బోలెడంత నీడ, ఆ నీడలోనే వాళ్ళు పెరిగారు.

2011లో టెస్కోకి భయమేసి 50 కోట్ల పౌండ్ల ప్రైస్ డ్రాప్ అని ఊదరగొట్టింది. దానికి డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చారంటే క్లబ్‌కార్డ్ డబుల్ పాయింట్లు పీకేసి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటే జనానికి తెలీదా? నాలుగు నెలలు తిరక్కుండా 2012 జనవరిలో ప్రాఫిట్ వార్నింగ్, అంటే లాభం అనుకున్నంత రాదని ముందే చెప్పుకోవడం, ఇరవై ఏళ్ళలో మొదటిసారి. 2014 సెప్టెంబర్ 1న యూనిలీవర్ నుంచి డేవ్ లూయిస్ సీఈఓగా వచ్చాడు, అదే నెలలో లాభాల్ని సుమారు 25 కోట్ల పౌండ్లు ఎక్కువ చేసి చూపించిన సంగతి బయటపడింది. ఆ ఏడాది లెక్కలు తేలేసరికి 640 కోట్ల పౌండ్ల నష్టం.

ఆ 25 కోట్ల కథకీ మన షెల్ఫ్‌కీ సంబంధం ఉంది. ఆ డబ్బు సప్లయర్ల దగ్గర నుంచి రావాల్సిన సొమ్ము, మా సరుకు ఇంత అమ్మితే ఇంతిస్తాం, వరస చివర్లో డిస్‌ప్లే పెడితే ఇంతిస్తాం అని కంపెనీలు ఇచ్చేవి, అవి ఇంకా రాకముందే వచ్చినట్టు రాసుకున్నారు. ఈ సొమ్ముకి అలవాటు పడిన షాపుకి అసలు కస్టమర్ ఎవరు? ట్రాలీ తోసుకొచ్చే మనిషి కాదు, సరుకు అమ్మడానికొచ్చే కంపెనీ. షెల్ఫ్‌లో చోటు అద్దెకిచ్చే వ్యాపారం అయిపోతుంది అది. అందుకే ఐటమ్స్ అలా ఉబ్బిపోతాయి. టెస్కోలో అప్పటికి 90,000 రకాలు ఉండేవి, టమాటా కెచప్ ఒక్కటే 28 రకాలు. ఆల్డీలో కెచప్ ఒక్కటే రకం, ఒక్కటే సైజు, మొత్తం షాపంతా కలిపి 2,000 రకాలు ఉంటే ఎక్కువ.

28 కెచప్‌లు ఉంటే కస్టమర్‌కి మంచిదే కదా అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. షెల్ఫ్ పొడవు మాత్రం పెరగదు. 28 రకాలు పట్టాలంటే ఒక్కోదానికి ఒకే వరస, ఆ వరసలో ఎన్ని పడతాయి, ఆరో ఏడో. బాగా అమ్ముడుపోయే రకం మధ్యాహ్నానికల్లా ఖాళీ, ఎవరూ కొనని 20 రకాలు దుమ్ము పట్టి నిండుగా కనబడతాయి. స్టోర్ కుర్రాడు 28 డబ్బాలు విప్పాలి, 28 సార్లు సర్దాలి. అదే 10 రకాలైతే బాగా పోయేదానికి మూడు వరసలు ఇవ్వొచ్చు, పైగా ఆ కొద్ది కంపెనీల దగ్గరా ఎక్కువ సరుకు తీసుకుంటాం కాబట్టి రేటు దగ్గర గట్టిగా బేరమాడొచ్చు. లూయిస్ సుమారు మూడో వంతు రకాలు తీసేసే పని పెట్టుకున్నాడు. రేట్లు తగ్గించడానికి డబ్బు అక్కణ్ణుంచి వచ్చింది, ఖర్చుల నుంచి కూడా వచ్చింది, నష్టాల్లో ఉన్న 43 షాపులు మూసేశాడు, కట్టబోతున్న 49 పెద్ద షాపులు ఆపేశాడు, చెషంట్‌లోని హెడ్ ఆఫీస్ మూసేశాడు, కొరియా బిజినెస్ 2015లో 400 కోట్ల పౌండ్లకి పైగా అమ్మేశాడు. ముందు రేట్లు తగ్గించి తర్వాత డబ్బు వెతుక్కునేవాళ్ళు 2011 ప్రైస్ డ్రాప్ లాగా నాలుగు నెలల్లో చతికిలబడతారు.

ఇంకొకటి, హెడ్ ఆఫీస్ వాళ్ళని షాపుల్లో పనికి పంపించాడు. దాన్ని ఫొటో దిగే కార్యక్రమం అనుకోవచ్చు కానీ, షాంపూ ముందు నిలబడ్డ అనుభవం ఉన్నవాడిగా చెప్తున్నా, నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది ఆ పది నిమిషాల్లోనే.

ఆగండి, రకాలు తగ్గించెయ్ అని గుడ్డిగా కత్తి పట్టుకోవద్దు. వాల్‌మార్ట్ 2009లో అదే చేసింది. ప్రాజెక్ట్ ఇంపాక్ట్ అని పేరు పెట్టి, నడవల మధ్య గుట్టలుగా పోసిన సరుకు తీసేసి, రకాలు తగ్గించి, షాపులు విశాలంగా నీట్‌గా చేశారు. కస్టమర్లని అడిగితే బాగుంది బాగుంది అన్నారు. కొనడం మాత్రం తగ్గించేశారు. అమ్మకాలు పడిపోయి చివరికి 2011లో సుమారు 8,500 ఐటమ్స్ వెనక్కి తెచ్చుకున్నారు. మరి ఎక్కడ తేడా కొట్టింది? నాకు అర్థమైనంతలో, ఒక ఐటమ్ నెలకి పదే అమ్ముడుపోవచ్చు, కానీ ఆ పదిమంది దాని కోసమే మీ షాపుకి వస్తూ ఉండొచ్చు, దాంతోపాటు ట్రాలీ నిండా మిగతావి కొంటారు. దాన్ని తీసేస్తే పది బాటిళ్ళు కాదు, పది ట్రాలీలు పోతాయి. ఎక్సెల్‌లో అమ్మకం తక్కువ అని ఎర్ర రంగు కొట్టేముందు, అది కొన్నవాళ్ళ బిల్లు మొత్తం ఎంత, అది లేకపోతే పక్కది తీసుకుంటారా లేక బయటికి పోతారా అని చూడాలి. కెచప్‌లో 20వ రకం తీస్తే పక్కది తీసుకుంటారు. చర్మ జబ్బు ఉన్నవాళ్ళు వాడే సబ్బు ఒకటే ఉంటే అది తీస్తే మనిషే షాపు మారిపోతాడు. లాయల్టీ కార్డు డేటా నిజంగా పనికొచ్చేది ఇక్కడ, పుట్టినరోజు మెసేజ్‌లు పంపడానికి కాదు.

సరే, సెయిన్స్‌బరీస్ దగ్గరికొద్దాం, నాకు ఇష్టమైన కథ ఇది. 1995లో టెస్కో దాటేసింది, 2003లో ఆస్డా అనే ఇంకో చైన్ కూడా దాటేసింది, మూడో స్థానంలో పడ్డారు. ఈ లోపల వాళ్ళు చేసిందేమిటంటే కోట్లు పోసి ఆటోమేటిక్ డిపోలు కట్టారు, అంతా కంప్యూటర్ నడిపే మహా గోడౌన్లు. అవి సరిగ్గా పనిచెయ్యలేదు. సిస్టం ప్రకారం సరుకు పంపినట్టే, షెల్ఫ్ మీద ఉండదు. మా షాంపూ కథే, కాకపోతే దేశం మొత్తం. 2004 మార్చిలో జస్టిన్ కింగ్ సీఈఓగా వచ్చాడు, అక్టోబర్‌లో ప్లాన్ ప్రకటించాడు. ఆ ఐటీ, డిపోల మీద 26 కోట్ల పౌండ్లు రద్దు పద్దులో రాసేశాడు, హెడ్ ఆఫీస్‌లో 750 మందిని తగ్గించి షాపుల్లో 3,000 మందిని కొత్తగా తీసుకున్నాడు. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి, అంతకన్నా ఏ స్ట్రాటజీ డాక్యుమెంట్ అక్కర్లేదు. సరుకు షెల్ఫ్ మీద కనబడటం మొదలైంది, రేట్లూ తగ్గించారు, ఆ తర్వాత వరసగా 36 క్వార్టర్లు పాత షాపుల అమ్మకాలు పెరుగుతూనే ఉన్నాయి. తొమ్మిదేళ్ళు. ఏదో యాప్ తెచ్చో లోగో మార్చో కాదు.

మనుషుల మీద పెట్టే ఖర్చు గురించి మాట్లాడితే ఫైనాన్స్ వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. వాళ్ళకి ఎప్పుడూ వాల్‌మార్టే ఉదాహరణగా చెప్పేవాణ్ణి. 2015 మొదట్లో వాల్‌మార్ట్ అమెరికాలో తన షాపులకి తనే మార్కులేసుకుంది, నీట్‌గా ఉన్నాయా, త్వరగా పని అవుతోందా, స్టాఫ్ సరిగ్గా మాట్లాడుతున్నారా అని. పాసైనవి 16 శాతం. గ్రెగ్ ఫోరన్ అప్పుడు అమెరికా బిజినెస్ చూసేవాడు, చెప్పాపెట్టకుండా షాపులు తిరుగుతాడని పేరు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కనీస జీతం గంటకి 9 డాలర్లు, మరుసటి ఏడాది 10 డాలర్లు చేశారు, సుమారు 5 లక్షల మందికి పెరిగింది, ట్రైనింగ్ ఇచ్చారు. 2016కి పాసైన షాపులు 75 శాతం అయ్యాయి, అమ్మకాలు కదిలాయి. లాభం కొన్నాళ్ళు తగ్గింది, షేర్ మార్కెట్ ఏడ్చింది కూడా. మార్కెట్ షేర్ తిరిగి రావాలంటే రెండేళ్ళు లాభం తగ్గుతుంది అని బోర్డు ముందే ఒప్పుకోకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది, మధ్యలో ఆపేస్తే ఖర్చూ పోతుంది కస్టమరూ రాడు.

రేట్ల సంగతి త్వరగా చెప్పేస్తా. అన్నిటి మీదా 2 శాతం తగ్గిస్తే ఎవరికీ కనబడదు, డబ్బు మాత్రం గోవిందా. జనానికి రేటు గుర్తుండే వస్తువులు ఒక రెండు మూడొందలు ఉంటాయి, వాటితోనే ఈ షాపు చవక ఆ షాపు ఖరీదు అని తీర్పు ఇచ్చేస్తారు. వాటి మీద గట్టిగా కొట్టాలి, కొట్టి ఏళ్ళ తరబడి అక్కడే ఉండాలి, ఈ వారం తగ్గించి వచ్చే వారం పెంచితే నమ్మకం పోతుంది. టెస్కో 2020 మార్చిలో ఆల్డీ ప్రైస్ మ్యాచ్ పెట్టింది ఈ లెక్కనే. ఆల్డీతో పోల్చి చూసుకోండి అని శత్రువు పేరు సొంత షాపులో బోర్డు కట్టడానికి దమ్ము కావాలి. అంతకుముందు 2018లో ఆల్డీని కొట్టడానికి జాక్స్ అని వేరే చవక షాపులు తెరిచింది, అవి 2022కల్లా మూతపడ్డాయి. శత్రువులా వేషం వేసుకోవడం కన్నా మన షాపులోనే ఆ రేటు ఇవ్వడం మేలని అలా తేలింది.

కార్డు ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు అనే పద్ధతి మాత్రం నాకు వ్యక్తిగతంగా చిరాకు. బ్రిటన్ కాంపిటీషన్ అథారిటీ 2024లో సుమారు 50,000 లాయల్టీ ఆఫర్లు చూసి 92 శాతం నిజమైన తగ్గింపే అని చెప్పింది, కాబట్టి మోసం అనను. కానీ కార్డు మర్చిపోయి వచ్చిన రోజు అదే వస్తువుకి ఎక్కువ కట్టిన మనిషి మొహం కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, అది కూడా ఏ బిల్లులోనూ కనబడదు.

సప్లయర్ల రక్తం పీల్చి రేట్లు తగ్గించడం ఇంకో షార్ట్‌కట్. ఆస్ట్రేలియాలో కోల్స్ అనే సూపర్‌మార్కెట్ చైన్‌ని 2007లో వెస్‌ఫార్మర్స్ అనే కంపెనీ కొని, 2008 నుంచి ఇయాన్ మెక్‌లాయిడ్‌ని పైన పెట్టి బాగానే నిలబెట్టింది, డౌన్ డౌన్ అని రేట్ల ప్రచారం, 2011లో లీటర్ పాలు 1 డాలర్. అన్నీ బాగానే ఉన్నాయి కానీ చిన్న సప్లయర్లని పీడించారని 2014లో కోర్టు కోటి డాలర్ల జరిమానా వేసింది. టెస్కో కూడా సప్లయర్లకి డబ్బు కావాలని ఆలస్యం చేసిందని 2016లో అక్కడి రెగ్యులేటర్ తేల్చింది. ఇందులో నీతి కన్నా నాకు కనిపించేది సరుకు. కొరత వచ్చినప్పుడు ఉన్న సరుకు సప్లయర్ ఎవరికి ముందు పంపుతాడు? టైముకి డబ్బిచ్చేవాడికి. అప్పుడు మళ్ళీ మన షెల్ఫే ఖాళీ.

పైపై మెరుగుల గురించి ఒక కథ, నవ్వుకోవడానికి. బ్రిటన్‌లోనే మోరిసన్స్ అనే చైన్ అమ్మకాలు పడిపోతున్న రోజుల్లో, అప్పటి సీఈఓ డాల్టన్ ఫిలిప్స్ కూరగాయల మీద మంచులాంటి పొగమంచు చిమ్మే మెషీన్లు పెట్టించాడు, చూడ్డానికి సినిమా సెట్టింగ్‌లా ఉండేది. 2014 వాటాదారుల మీటింగ్‌లో, ఆ కంపెనీని యాభై ఏళ్ళు నడిపి రిటైరైన కెన్ మోరిసన్ లేచాడు. రిటైరయ్యాక పశువులు పెంచుతున్నా, నా దగ్గర వెయ్యి ఎద్దులున్నాయి, కానీ నీ ప్రెజెంటేషన్ విన్నాక తెలిసింది, పేడ నా కన్నా నీ దగ్గరే ఎక్కువుంది అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాట ఇంకా ఘాటుగా ఉంటుంది. కొత్త ఏడాది మొదట్లోనే ఫిలిప్స్ పదవి ఊడటం ఖాయమైంది, డేవిడ్ పాట్స్ వచ్చాడు, 16 ఏళ్ళ వయసులో టెస్కోలో షెల్ఫులు సర్దుతూ మొదలైనవాడు. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి తక్కువ సరుకు కొన్నవాళ్ళ కోసం ఎక్స్‌ప్రెస్ కౌంటర్లు మళ్ళీ తెరవడం. ఎంత చప్పటి ఐడియా! పనిచేసింది.

అయినా ఒకసారి బాగుపడితే ఎప్పటికీ బాగుంటారని ఏం లేదు, ఆస్డాని చూడండి. 1991లో అప్పుల్లో మునిగి దివాలా అంచున ఉంది. ఆర్చీ నార్మన్ వచ్చాడు, వెంట అలన్ లైటన్. స్టాఫ్ ఎవరైనా సరే ఏం మార్చాలో నేరుగా తనకే రాయమని టెల్ ఆర్చీ అని పెట్టాడు, రేట్లు తగ్గించారు, 1999లో వాల్‌మార్ట్ 670 కోట్ల పౌండ్లకి కొనుక్కుంది. తర్వాత 2021లో మళ్ళీ చేతులు మారింది, ఎక్కువ భాగం అప్పు మీద కొన్నారు, వాల్‌మార్ట్ కంప్యూటర్ సిస్టం నుంచి విడిపోవడం అనే పెద్ద తలనొప్పి ఒకటి. షెల్ఫుల్లో సరుకు ఉండట్లేదు, మార్కెట్ షేర్ 14 శాతం పైన ఉన్నది 12 చిల్లరకి పడింది. 2024 నవంబర్‌లో ఎవర్ని పిలిచారు? అదే అలన్ లైటన్‌ని, పాతికేళ్ళ తర్వాత. ఆయన 2025 మొదట్లో రోల్‌బ్యాక్ అనే పాత రేట్ల తగ్గింపే మళ్ళీ తెచ్చాడు, ఈ ఏడాది లాభం బాగా తగ్గుతుంది అని బహిరంగంగా చెప్పేశాడు, ఆ మాటకి ఆ రోజు టెస్కో, సెయిన్స్‌బరీస్ షేర్లు పడిపోయాయి. వాడు నిజంగానే డబ్బు పెట్టబోతున్నాడని పోటీవాళ్ళకి అర్థమైంది. ఆ పని ఎటు పోతుందో చూడాలి, అప్పు బరువు ఉన్నప్పుడు రెండేళ్ళు లాభం వదులుకోవడం మాటలు కాదు.

టైం ఎంత పడుతుందని నా ఫ్రెండ్ అడిగాడు. టెస్కో లాభాల్లోకి త్వరగానే వచ్చింది, మార్కెట్ షేర్ మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి 27 శాతం చుట్టుపక్కలకి జారుతూనే ఉంది, 2024 చివరికి గానీ మళ్ళీ 28 దాటలేదు. లూయిస్ 2014లో మొదలుపెట్టాడు, 2020లో దిగిపోయాడు, పంట కోసింది ఆయన తర్వాత సీఈఓగా వచ్చిన కెన్ మర్ఫీ. ఇది వింటే వాడి క్లయింట్ పీపీటీ మూసేస్తాడని తెలుసు, అయినా చెప్పా. ఆరు నెలల్లో షేర్ తెస్తానని ఎవరైనా అంటే ఆఫర్లతో కొనుక్కొచ్చిన షేర్ అది, ఆఫర్ ఆగిన వారం వెళ్ళిపోతుంది.

ఇప్పుడు షాంపూ సంగతి. ఆ రోజు ఆఫీస్‌కి వచ్చి ఎర్ర రంగు తీసేయించా, స్టాక్ లెక్క సరిచేయించా, ఆకుపచ్చ బాటిళ్ళు మళ్ళీ వచ్చాయి. పెద్ద మెయిల్ కూడా రాశా, అన్ని స్టోర్ల బిల్లింగ్ వాళ్ళకీ ప్రతి బాటిల్ విడిగా స్కాన్ చెయ్యాలని ఇన్‌స్ట్రక్షన్ వెళ్ళాలని. వెళ్ళింది కూడా. రెండు నెలల తర్వాత అదే స్టోర్‌కి మళ్ళీ వెళ్ళా, షెల్ఫ్ నిండుగా ఉంది, లోపల్లోపల కాస్త గర్వంగానే అనిపించింది. ఏదో చిన్న వస్తువు కొని కౌంటర్ లైన్‌లో నిలబడ్డా. ఎనిమిది కౌంటర్లుంటే రెండే తెరిచి ఉన్నాయి, మిగతా ఆరూ మా బడ్జెట్ టీమే మూయించింది. పైగా ఆ అమ్మాయికి నిమిషానికి ఇన్ని ఐటమ్స్ కొట్టాలని టార్గెట్, అదీ మా ఆఫీస్ నుంచే వెళ్ళింది. నా ముందున్నాయన రెండు ఆకుపచ్చ బాటిళ్ళు, ఒక నీలం పెట్టాడు. అమ్మాయి నీలం తీసింది, ఒకసారి స్కాన్ చేసింది, 3 నొక్కింది.

నా వెనక ఆరుగురున్నారు. నేనేం అనలేదు.